ఇసుక గుంట దగ్గరి పాసు

ఆ రంగుజుట్టు టీమ్ మేనేజరు నోట్లో మన్ను పడ! కూతురు దూకే చోట కన్నతండ్రికి కాలు మోపే చోటు లేకుండా చేశాడు.

ఇసుక గుంట దగ్గర నిలబడటానికి ఒక్కరికే పాసు. ఇన్నాళ్ళూ ఆ పాసు ఆ తండ్రిదే, తాపీ మేస్త్రిది. నిన్న పొద్దున జట్టు దిగిన హోటల్లో, అందరూ టిఫిన్ చేస్తుండగా, మేనేజరు దాన్ని మేస్త్రి మెడలోంచి తీసి తన బావమరిది మెడలో వేశాడు. పరాయి దేశం చూపిద్దామని వెంటబెట్టుకొచ్చిన బావమరిది.

“అయ్యా, మా చిట్టికి నా గొంతే అలవాటండీ,” అన్నాడు మేస్త్రి.

“ఏం, ఇదేమైనా పాటల పోటీయా? గుంట అవతల నిలబడి చప్పట్లు కొట్టడానికి నువ్వే కావాలా? ఎవడి చేతులైనా ఒకటేగా మోగేది! పైగా మావాడికి కోచింగ్ సర్టిఫికెట్ ఉంది. నీకేముంది?”

మేస్త్రికి ఉన్నది ఐదో తరగతి. అదీ తప్పింది. మేనేజరు దయతలిచి స్టాండులో కూర్చోడానికి ఒక టిక్కెట్టు విసిరాడు.

అందుకే ఇప్పుడు, ప్రపంచ పోటీల్లో మహిళల లాంగ్ జంప్ ఫైనల్ జరుగుతుంటే, మేస్త్రి గుంట అవతల లేడు. పరుగుబాటకు పక్కగా స్టాండులో, ముందు వరసలో, మెడలో తువ్వాలుతో కూర్చున్నాడు.

చిట్టి కోసం అతను ఇంట్లోనే ఒక స్టేడియం కట్టాడు. పని చేసిన ప్రతి ఇంటి దగ్గరా మిగిలిన ఇసుకను తట్టల్లో మోసుకొచ్చి, పెరట్లో గుంట తవ్వి నింపాడు. గుంట అవతల నిలబడి “రా... రా... రా...” అంటూ చప్పట్లు కొట్టేవాడు. అటునుంచి చిట్టి పరుగెత్తుకొచ్చి దూకేది. ఆ కాసేపూ పెరట్లో ఇంకో చప్పుడు వినబడకూడదు. కాకి అరిచినా మట్టిగడ్డ పుచ్చుకునేవాడు.

“అన్నయ్యగారూ, కూతుర్ని దూకిస్తున్నారా, కాకుల్ని తోలుతున్నారా?” అని పక్కింటావిడ గోడ మీంచి ఎకసెక్కాలాడేది.

ఆడనీ. పతకం వస్తే సర్కారువాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. రాకపోతే చిట్టికి మళ్ళీ ఇంట్లో ఆ మూల మంచమే. తల్లి ముందే పోయింది. రేపు తను కూడా పోతే ఆ పిల్ల చెయ్యి పట్టుకునేదెవరు?

ఐదు దూకులు అయిపోయాయి. రెండు ఫౌల్. మిగతా మూడూ వాననీటి మడుగు దాటినట్టు దూకింది. అయినా దేవుడు చల్లగా చూసినట్టే, మూడో స్థానానికి బెత్తెడు నేలే తక్కువ. బెత్తెడంటే బెత్తెడు. ఇంటి దగ్గర ఆ మాత్రం నిద్రలో దూకేది.

ఇక మిగిలింది ఆఖరి దూకు.

పరుగుబాట మొదట్లో నిలబడి చిట్టి తల అటూ ఇటూ తిప్పుతోంది. ‘నా కోసమే,’ అనుకున్నాడు మేస్త్రి.

“ఆ అమ్మాయి మీకేమవుతుందండీ?” అంది పక్క కుర్చీలో కూర్చున్న తెలుగావిడ.

“మా అమ్మాయే.”

“ఎంత ధైర్యమండీ!”

“ధైర్యం దానిదే తల్లీ. భయం అంతా నాది.”

“ష్! మొదలవుతోంది,” అంది ఆవిడ.

పెద్ద తెర మీద, పెదాల మీద వేలు పెట్టిన బొమ్మ వెలిగింది. అంత జనమూ ఊపిరి బిగబట్టారు. మేస్త్రికి తన నోటి మీద తనకే నమ్మకం లేకపోయింది. తువ్వాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

గుంట అవతల బావమరిది చప్పట్లు మొదలుపెట్టాడు. పెళ్ళివారింట్లో దోమల్ని కొడుతున్నట్టు కొడుతున్నాడు. చిట్టి కదిలింది. అడుగు, అడుగు, వేగం. పరవాలేదు. పరవాలేదు. వెళ్ళమ్మా, వెళ్ళు.

అప్పుడు మోగింది ఫోను.

సెల్ఫీలు దిగడానికి బావమరిది జేబులో దాచుకున్న ఫోను. వాడు కంగారుగా జేబులో చెయ్యి పెట్టాడు. చప్పట్లు ఆగిపోయాయి. సగం దారిలో చిట్టి అడుగు తడబడింది. మొహం తెల్లబోయింది.

ఇంకెక్కడి ఓర్పు? మేస్త్రి లేచాడు. నోట్లోంచి తువ్వాలు లాగి పారేశాడు.

“చిట్టీ! రా! రా! రా!”

పక్కావిడ అతని మోచెయ్యి పట్టుకుని లాగింది. “అయ్యో, కూర్చోండి, అరవకండి!”

మేస్త్రి వినలేదు. చిట్టి వింది. ఒక్కసారిగా ఆ మొహం విచ్చుకుంది. ఆ ఐదు దూకుల్లో ఎక్కడా కనబడని వేగం కాళ్ళలోకొచ్చింది. పెరట్లో పరుగెత్తినట్టే పరుగెత్తింది. ఎన్నో అడుగుకు ఎగరాలో ఆ కాళ్ళకు తెలుసు. ఎగిరింది. ఆ మధ్యాహ్నం అంత దూరం ఇంకెవరూ దూకలేదు.

టేపు పట్టుకున్నాయన కొలవలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఇసుక గుంటకు చాలా ఇవతల, సరిగ్గా మేస్త్రి నిలబడ్డ స్టాండు కింద, మోకాళ్ళు చెక్కుకుపోయి పచ్చగడ్డి మీద పడి ఉన్న చిట్టి, పుట్టాక ఒక్కనాడూ వెలుగు చూడని కళ్ళకు పోటీవాళ్ళు అందరికీ కట్టినట్టే కట్టిన నల్ల గంతలైనా విప్పుకోకుండా, చుట్టూ చేతులతో తడుముకుంటూ, “నాన్నా, పిలిచావుగా, వచ్చేశాను... ఇసుక ఏదీ?” అంది.