బియ్యంలో రాసిన పేరు

రేడియో మీట విరిగి వెంకటప్పయ్య చేతిలోకి వచ్చింది.

"వెధవ. అమ్ముడుపోయాడు," అన్నాడు.

ఆదివారం సాయంత్రం వచ్చే నాటకంలో మెరుపుసింహం గాలిలో ఎగిరేవాడు, ఒంటి చేత్తో రైలును ఆపేవాడు. తిరువూరు సెంటర్లో అతని మాట రాని టీ కొట్టు లేదు. అలాంటివాడు ఈ వారం, సేనాపతిని చేస్తామనగానే కోట తాళాలు తీసుకెళ్లి శత్రువు చేతిలో పెట్టాడు. నమ్ముకున్న జనం లోపల తలుపులు బాదుకుంటుంటే నవ్వాడు కూడా.

"నాటకమే గదండీ," అంది భార్య మాణిక్యమ్మ, ఒళ్లో పసివాణ్ణి జోకొడుతూ.

"నాటకమేంటే? పొద్దున వాడి పేరేగా నా మనవడికి పెట్టుకుంది. రేపు టీ కొట్టు కాడ ఆదిశేషయ్య ఊరుకుంటాడా? ఏం బావా, మీ ద్రోహి పాలు తాగాడా అంటాడు. తల ఎక్కడ పెట్టుకోను?"

"మీ నాన్నగారి పేరు పెడదామని ముందే చెప్పాను."

"చెప్పావులే. దశరథరామయ్య అంటే పాతకాలం పేరన్నాను. నా బుద్ధి గడ్డి తింది."

"పాతదో కొత్తదో. కాపరానికొచ్చిన కాడ్నించీ ఆ పేరు నా నోట ఎన్నడూ రాలేదు. మామగారి పేరు కోడలు పలుకుతుందా ఎక్కడన్నా?"

వెంకటప్పయ్య కొడుకు భాస్కరరావు వైపు తిరిగాడు. పొద్దున బారసాలలో పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసింది ఆ భాస్కరరావే. బిడ్డ చెవిలో చెప్పిందీ అతనే. అక్షరం ముక్క రాని వెంకటప్పయ్య ఆ గీతలు చూసి మురిసిపోయి, "మెరుపుసింహం" అని చుట్టాలందరికీ తనే గట్టిగా చెప్పాడు.

"ఒరే, ఆ పళ్లెం పట్రా. చెరిపేసి మా నాన్న పేరు రాయి."

భాస్కరరావు తల్లి మొహం చూశాడు.

"ఆ బియ్యంతో పరమాన్నం వండారు నాన్నా. మీరు రెండోసారి వేయించుకుని తిన్నారు."

వెంకటప్పయ్య అరుగు మీద కూలబడ్డాడు. విరిగిన మీట ఇంకా గుప్పెట్లోనే ఉంది.

"రాసింది చెరపొచ్చు. చెవిలో పడింది ఎట్లా తీస్తాంరా? వాణ్ణి నమ్మి పసిగుడ్డు చెవిలో విషం పోయించాను."

ఆ గొంతుకి పసివాడు ఉలిక్కిపడి లేచి, కేరుమన్నాడు.

మాణిక్యమ్మ వాణ్ణి భుజానికెత్తుకోబోయి ఆగింది. పైట భుజం నిండా కప్పుకుంది. మొగుడి వైపు చూడకుండా, రెండు చేతులతో భద్రంగా పైకెత్తి అంది:

"ఊరుకోండి మావయ్యగారూ, మీ అబ్బాయి మిమ్మల్ని కాదులెండి తిట్టేది."