మార్చి చదివిన ముగింపు

“ఆఖరికి గా పిల్ల ఇల్లిడిసి పోయిందా లేదా? జర జల్ది సదువు,” అంది చదువురాని వజ్రమ్మ, మనవణ్ణి ఒళ్లో ఊపుతూ.

నవలలో ఆ పిల్ల ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. అత్తకు దాన్ని చదివి వినిపిస్తున్న మధులత ఆ పేజీ దగ్గర ఆగింది. రేపే మైత్రీవనంలో కంప్యూటర్ క్లాసు మొదలు. బాబును చూసుకుంటానని అత్త మాటిచ్చింది. ఇది విని, కోడలూ అలాగే పోతుందేమోనని భయపడితే?

“ఆమె గుమ్మం దాటబోయి, పిల్లాడి ఏడుపు విని వెనక్కి తిరిగింది,” అని పుస్తకంలో లేని వాక్యం చదివింది.

వజ్రమ్మ ముఖం వాడిపోయింది.

“నేను సుత బస్టాండు దాంక పోయి గిట్లనే వాపసొచ్చిన. రాసినామె సుత వేరే తొవ్వ సూపకపాయె.”

బాబును తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది.

“మల్ల పొయ్యికాడికే రావాలంటే, ఇగ నీకు క్లాసెందుకు బిడ్డా?”