ఆయుర్దాయం పట్టిక

"దైవాధీనం!"

సెక్షన్ హెడ్ ఆ మాట గట్టిగా చదివి, జవాబు పత్రాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తాడు.

"ప్రశ్న ఏంటో తెలుసా? ఇరవై ఆరేళ్ళ ఉద్యోగిని సగటున ఇంకా ఎన్నేళ్ళు జీవిస్తుందో పట్టిక చూసి రాయమని. మన పిన్నిగారు పట్టిక చూడలేదు. పైకి చూశారు!"

కొత్తగా చేరినవాళ్ళు పగలబడి నవ్వారు. పాతవాళ్ళు ఫైళ్ళలోకి తలలు దూర్చేశారు. సెక్షన్ హెడ్ ఈ పింఛను ఆఫీసుకి బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది.

పిన్నిగారు కూడా చిన్నగా నవ్వింది. ఆఫీసులో అందరికీ ఆమె పిన్నిగారే. యాభై దాటాక గుమాస్తాగా చేరిన మనిషిని మరేమని పిలుస్తారు?

"నవ్వులాటకి అన్నాను గానీ," అన్నాడాయన గొంతు తగ్గించి, "డిపార్ట్‌మెంటు పరీక్షలో నాలుగు పేపర్లకి మూడు గట్టెక్కారు. ఇదొక్కటే రెండుసార్లు తప్పారు. ఈసారి కూడా తప్పితే ఆ కుర్చీ మీకుండదు. ఉద్యోగంలో ఉండగా పోయిన మనిషి కుర్చీ ఇంట్లోవాళ్ళకి ఇస్తున్నారంటే మాటలా? ఆ పేరు నిలబెట్టొద్దూ? పైనున్న మీవారు ఏమనుకుంటారు?"

ఆమె ఆయన చేతిలోంచి జవాబు పత్రం తీసుకుని మడతపెట్టింది.

"రాస్తాను బాబూ," అంది.

లెక్క రాక కాదు. ఇరవై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కిన మనిషి. ఎదురుగా నిలబడితే చాలు, ఎన్ని గజాల గుడ్డ పడుతుందో కంటితోనే చెప్పేది. పట్టికా అలాంటిదే. ఎడమవైపు వయసు. కుడివైపు, ఆ వయసువాళ్ళు సగటున ఇంకా ఎన్నేళ్ళు బతుకుతారన్న అంకె. నిధిలో ఎంత దాచాలో దాన్నిబట్టి కత్తిరించుకోవడమే. కొత్తగా చేరేవాళ్ళది దాదాపు ఆ వయసే కాబట్టి పెద్ద ప్రశ్న ఏటా ఇరవై ఆరు మీదే ఇస్తారు. అంటే చేతిలో పెట్టినట్టే. అయినా మొదటిసారి ఖాళీగా వదిలేసింది. రెండోసారి ఇదిగో, ఇలా రాసింది.

పిన్నిగారికి భక్తి ఎక్కువ, మనిషి ఆయుష్షుకి లెక్కగట్టడానికి చేయి రాదు అని కొత్తవాళ్ళు సరిపెట్టుకున్నారు.

రోజూ తెల్లవారుతూనే దీపం పెట్టి, వంటింటి బల్ల మీద పుస్తకం తెరిచేది. పుస్తకం కూతురిది. ఆ పిల్ల ఇదే పరీక్ష ఒక్క దెబ్బకి పాసయింది. అదీ ఈ పేపర్లో అందరికన్నా ఎక్కువ మార్కులతో. పేజీల అంచుల నిండా పెన్సిలుతో తనని తాను తిట్టుకుంటూ రాసుకున్న మాటలే.

"ఇది తప్పక అడుగుతారు." "మళ్ళీ తప్పా? నీ మొహం!" "నిద్రొస్తోందా మొద్దూ? లేచి టీ పెట్టుకో."

పిన్నిగారు బుద్ధిగా లేచి టీ పెట్టుకునేది.

"చెప్పొచ్చావులే పెద్ద పంతులమ్మవి," అని గొణుక్కునేది.

పట్టిక ఉన్న పేజీలో మాత్రం తిట్లు లేవు. ఒకే ఒక్క మాట ఉంది: "ఇది ఏ ఒక్కరి గురించీ చెప్పదు. లక్షమంది గురించి చెబుతుంది."

అక్కడికొచ్చేసరికి ఆమె దేవుడి పటం వైపు తిరిగేది.

"లక్షమంది లెక్క నాకెందుకు స్వామీ? నేనడిగింది ఒక్కరి లెక్క. పుస్తకం చెప్పలేదు సరే. నువ్వైనా చెప్పొచ్చుగా?"

దీపం నిదానంగా వెలుగుతూనే ఉండేది. కాసేపటికి ఆమే లెంపలు వేసుకుని, మళ్ళీ పుస్తకంలో పడేది.

పరీక్ష రోజు పక్క బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ పలకరించింది.

"నాకు మా నాన్న కుర్చీ ఇచ్చారు ఆంటీ. ఇది పోతే ఉద్యోగం పోయినట్టే. మీకో?"

"నాకూ అంతేనమ్మా. భయపడకు, బాగా రాయి," అంది పిన్నిగారు. ఇంతలో గంట కొట్టారు.

పెద్ద ప్రశ్న అదే. వయసు అదే. పట్టిక అచ్చువేసి చేతికిచ్చారు. ఆమె వేలు వరుసలు దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. పక్కమ్మాయి ఇంకో కాగితం అడిగింది. కాసేపటికి మరొకటి అడిగింది. పిన్నిగారి వేలు కదల్లేదు.

పావుగంట ఉందనగా పెన్ను ఎత్తింది. "యాభై మూడేళ్ళు" అని రాసింది. అంకె మీద తడి పడితే రుమాలుతో అద్ది, ఆరేదాకా ఊదింది.

బయటికి రాగానే ఆ అమ్మాయి పరుగున వచ్చింది.

"ఆంటీ, జవాబు యాభై మూడేగా?"

"పుస్తకం ప్రకారం యాభై మూడేనమ్మా."

నెల తిరక్కుండా ఫలితాలొచ్చాయి. పిన్నిగారు పాసయింది. పాతవాళ్ళలో ఇద్దరు వచ్చి, ఆమె చేయి నొక్కి వెళ్ళారు. సెక్షన్ హెడ్ మాత్రం సంబరంగా ఒక ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చూశారా? దైవాధీనం కాదు, పట్టికాధీనం! ఇక ఆ కుర్చీలోంచి మిమ్మల్ని ఎవడూ లేపలేడు. ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇది, ఇవాళే పైకి పంపేద్దాం. మీ వివరాలన్నీ నేనే నింపాను, ఒక్కటి మిగిలింది. 'మరణించిన ఉద్యోగికి ఏమవుతారు?' భార్య, కుమారుడు, కుమార్తె అని మూడు అచ్చేశారు చూడండి. భార్య ఉంచి మిగతా రెండూ కొట్టేయండి, అయిపోతుంది."

పిన్నిగారు కళ్ళజోడు సవరించుకుని, మూడు మాటలనీ ఒక్కొక్కటిగా కొట్టేసి, పక్కన మిగిలిన కాస్త జాగాలో "తల్లి" అని రాసింది.