పళ్ళెం మోగిన ఇల్లు

పళ్ళెం మోగింది.

టైలరక్క కుట్టు మిషను మీద నుంచి కాలు తీసింది. ఆమె ముందుగదిలో సంఘం మీటింగుకు చేరిన ఆడవాళ్ళంతా మాటలాపి చెవులు రిక్కించారు. స్టీలు పళ్ళెం మీద గరిటె చప్పుడు. ఆగకుండా, తాళం తప్పుతూ వినిపిస్తోంది.

"మన వీధే. పదండి," అంది టైలరక్క.

ఆ వీధి ఆడవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి మీద చెయ్యి లేస్తే ఆమె పళ్ళెం వాయించాలి. విన్నవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి ఆ గుమ్మం ముందుకు రావాలి. అరవకూడదు, తిట్టకూడదు. తలుపు తీసేదాకా నిలబడాలి. తీశాక అడగాల్సింది ఒక్కటే మాట: "ఎవరి మీద?" ఆమె ఎవరిని చూపిస్తే వాళ్ళు బయటికొచ్చి అందరి ముందూ జవాబు చెప్పుకోవాలి.

కట్టుబాటు పెట్టుకున్నాక పళ్ళెం మోగడం ఇదే మొదలు. అందుకే అందరికీ భయం కన్నా కుతూహలమే ఎక్కువగా ఉంది.

"ఇంకెవరు, ఆ లారీ డ్రైవరు ఇల్లే అయ్యుంటుంది," అంది నర్సు చెప్పులు వెతుక్కుంటూ.

"ఆ డ్రైవరు పెళ్ళాన్ని నేను నీ పక్కనే ఉన్నాను. నన్ను నేనే కొట్టుకుని నేనే వాయించుకుంటున్నానా?" అని ఒకామె గయ్యిమంది.

నవ్వాపుకుంటూ వీధిలోకి వచ్చారు. మేడ మీద నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల తొంగి చూసి, "మా ఇంట్లో కాదండీ! ఎవరింట్లో?" అని అడిగింది. "అది తెలిస్తే ఇలా వెతుక్కుంటామా? నువ్వూ దిగి రా," అంది నర్సు. పాలబూతు దాటారు, పంపు దాటారు. చప్పుడు దగ్గరయ్యేకొద్దీ గుంపు మధ్యలో నడుస్తున్న ఒకింటి కోడలి అడుగులు తడబడ్డాయి.

అందరూ ఆగింది ఆమె ఇంటి ముందే.

"ఇదేంటే! నువ్విక్కడున్నావు. మీ ఆయనేమో డ్యూటీ మీద ఊరెళ్ళాడు. మరి వాయించేదెవరు?" అంది నర్సు.

"మా అత్తయ్య," అంది కోడలు.

"ఆవిడా! మనల్ని పనీపాటా లేని మంద అన్నది ఆవిడే కదూ?" అంది డ్రైవరు భార్య. "పాపం ఆ పెద్దాయన! మందుల షాపులో ఉన్నన్నాళ్ళూ ఒక్కరినీ కసిరి ఎరగడు. ఈ గయ్యాళితో ఎలా వేగుతున్నాడో!"

కోడలికి అవేవీ చెవిన పడలేదు. పొద్దుటి సంగతే కళ్ళ ముందు ఆడుతోంది. అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడి చెయ్యి పట్టుకుంది. "ఇవాళ్టికి మానుకోవే. ఎప్పుడు చూసినా మీటింగులేనా? ఇంట్లో మనిషన్న వాళ్ళు ఉండక్కర్లేదా?"

"మీరు లేరూ, మామయ్య లేరూ? నన్ను వదలండి!" అని ఆమె చెయ్యి విదిలించుకుంది. ఆ విసురుకి ముసలామె మోచెయ్యి తలుపుకి ఠప్పున కొట్టుకుంది. కోడలు ఆగబోయింది. మామగారే లేచి వచ్చి, ఎప్పటిలాగే మెత్తగా, "నువ్వెళ్ళమ్మా. మీ అత్త సంగతి నేను చూసుకుంటాను," అని సాగనంపారు.

ఇప్పుడు ఆ మోచేతికి లెక్క చెప్పాలి. సంఘం మనిషే అత్త మీద చెయ్యి చేసుకుందని రేపు వీధి వీధంతా నవ్వుతుంది. ఇంకే ఆడమనిషి పళ్ళెం వాయిస్తుంది? ఊరి నుంచి వచ్చాక ఆయన ఏమంటాడు? నువ్వో దారి, మేమో దారి అంటే?

ఆమె టైలరక్క కొంగు పట్టుకుంది. "అక్కా, నా మీదే. పొద్దున చెయ్యి విదిలించాను. తలుపుకి తగిలింది."

"కావాలని తోశావా?"

"లేదక్కా. కానీ కోపంగానే విదిలించాను."

టైలరక్కకీ మనసొప్పడం లేదు. "పరాయి గుమ్మాల ముందు నిలబడదామనుకున్నాం. మన గుమ్మం వచ్చిందని వెనక్కి తిరిగితే ఎలాగమ్మా? ఆవిడ నోటితో అనేలోపే ముందుకెళ్ళి ఒప్పేసుకో. నీ వెనకాలే ఉంటాను."

"నన్ను సంఘంలోంచి తీసేస్తారా?"

"ముందు తలుపు తియ్యనీ."

చప్పుడు ఆగింది. లోపల గడియ లాగుతున్నారు. ఒకసారి జారింది, మళ్ళీ లాగారు. తలుపు ఓరగా తెరుచుకుంది. అత్తగారు ఒక చేత్తో పళ్ళెం గుండెలకి హత్తుకుని, రెండో చేత్తో కొంగు చెంపకి అదుముకుని నిలబడి ఉంది. గరిటె కాళ్ళ దగ్గర పడి ఉంది. వెనక గది చీకటిగా ఉంది.



కోడలు మెట్టెక్కి తలొంచుకుంది. "తప్పయిపోయింది అత్తయ్యా. అందరి ముందే ఒప్పుకుంటున్నాను. నన్ను ఏమన్నా పడతాను, ఇంట్లోంచి మాత్రం పొమ్మనకండి."

"ఉండమ్మా, అడగాల్సిన మాట అడగనీ," అని టైలరక్క ముందుకొచ్చింది. "ఎవరి మీద పెద్దమ్మా?"

ముసలామె గుంపునంతా ఓసారి కలయజూసింది. కొంగు వదిలేసి కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది, పొద్దున పట్టుకున్నట్టే.

"నీ మీదెందుకు వాయిస్తానే పిచ్చిమొహమా? నువ్వు ఇంట్లో ఉన్నంతసేపూ మీ మామయ్య చెయ్యి లేవదు."