రోజుకో భయం

“లిఫ్టు తలుపు మూసుకోకపోతే?” అంది భార్య, టీ గ్లాసు అతని చేతికిస్తూ.

లిఫ్టు మెకానిక్కు నవ్వాడు. “ఎందుకు మూసుకోదు?”

“తలుపు పక్కన సెన్సరుకి దుమ్ము పట్టిందనుకోండి. ఎవరో అడ్డున్నారనుకుని తెరుచుకునే ఉంటుంది. కాన్పు గదేమో నాలుగో అంతస్తు. నేను మెట్లెక్కే స్థితిలో ఉంటానా?”

గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. పదహారేళ్ళుగా లిఫ్టులతో కుస్తీ పడుతున్నవాడికి తప్ప రాకూడని అనుమానం అది.

“ఇవన్నీ నీకెవరు చెప్పారే?”

“మీతో కాపురం చేస్తే ఆ మాత్రం రాదా?” అని ఆమె చేతిలో నోటుబుక్కు మూసేసింది.

ఆ నోటుబుక్కు నర్సమ్మ పుణ్యం. తొలి కాన్పు జంటలకి ఆసుపత్రిలో ఆవిడ క్లాసు చెబుతుంది. “ఇద్దరిలో భయమున్నవాళ్ళు రాయండి. లేనివాళ్ళు రోజుకొకటి తీర్చండి. వణికే మొగుణ్ణి మాత్రం కాన్పు గదిలోకి రానివ్వను. నేను తల్లిని చూసుకోవాలా, కిందపడ్డవాణ్ణి ఎత్తుకోవాలా?” అంది.

“భయం దీనికేనండీ. నాకేం లేదు,” అన్నాడు అతను, అందరికంటే ముందు, గదంతా వినపడేలా.

భార్య అతని వంక ఒకసారి చూసి నోటుబుక్కు అందుకుంది. ఇంటికొచ్చాక ఒక్క మాటే అంది. “ఆ గదిలో మీరు నా పక్కనే ఉండాలి. నాకు ఇంకేమీ వద్దు.”

మూడు వారాలుగా ఇదే వరస. పొద్దున్నే ఆమె ఒక భయం చెబుతుంది, సాయంత్రానికల్లా అతను దాని అంతు చూస్తాడు. నోటుబుక్కు మాత్రం చూడనివ్వదు, సిగ్గట. ఆవేళ సెలవు పెట్టి మరీ ఆసుపత్రికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే రెండు లిఫ్టుల సెన్సర్లూ తుడిచి, ఇరవైసార్లు ఎక్కి దిగి వచ్చాడు. ఆసుపత్రి లిఫ్టు బాగుపడాలంటే మెకానిక్కు పెళ్ళానికి నెలలు నిండాలి మరి. ఫిర్యాదు కాగితాలతో అయ్యే పనైతే ఎప్పుడో అయ్యేది.

“నిద్రలో నీ గొణుగుడు ఇంకా పోలేదురా,” అంది తల్లి, అతను తిరిగొచ్చి చేతులు కడుక్కుంటుంటే. “గోడ ఇవతల నాకే నిద్ర లేదు. పక్కన పడుకున్న పిల్ల గతేంటి?”

“ఏమంటున్నానేంటి, లిఫ్టుల గురించేనా?”

“ఏమో, మోతే తెలుస్తోంది, మాట తెలీట్లేదు.”

“అది పట్టించుకోదులే అమ్మా. దాని భయాలే దానికి సరిపోతున్నాయి.”

మర్నాడు ఇంకోటి. “బిడ్డ చేతుల్లోంచి జారిపోతే?”

అతను నోరెళ్ళబెట్టాడు. ఆమె పసిపిల్లల్ని చూసే కేంద్రంలో ఆయా. ఒకణ్ణి చంకలో, ఒకణ్ణి భుజాన వేసుకుని మూడోవాడికి పాలు పట్టగల మనిషి.

“నీకేంటే ఆ భయం?”

“సొంత బిడ్డ వేరు కదండీ. ఏదీ, ఎలా ఎత్తుకోవాలో మీరు చూపించండి.”

పనిముట్ల సంచీలోంచి బరువైనవన్నీ తీసేసి, మూడు కిలోలకి తెచ్చి, దుప్పట్లో చుట్టి ఇల్లంతా తిప్పాడు.

“తల కింద చెయ్యి పెట్టండి,” అంది భార్య.

“స్పానర్లకి తలేమిటే!”

ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. సాయంత్రానికి సంచీ అతని చేతుల్లో బుద్ధిగా ఒదిగింది.

ఇంకో వారంలో కాన్పనగా, ఆమె గొంతు తగ్గించి అంది. “బిడ్డ ఆగకుండా ఏడిస్తే, విసుగొచ్చి చెయ్యి చేసుకుంటానేమో.”

అతనికి తండ్రి బెల్టు గుర్తొచ్చింది. ఆ బెల్టు భయంతోనే చిన్నప్పుడు బడీ ఇల్లూ ఒకేసారి వదిలేశాడు. ఆ సంగతి ఆమెకి ఏనాడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాడు. చెప్పి, కాస్త తెరిపిన పడ్డాక అన్నాడు:

“లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తలుపులు బాదుతారు. నన్ను నానా తిట్లూ తిడతారు. నాకు కోపం రాదు. బయటినుంచి ‘ఇక్కడే ఉన్నాను’ అంటూ ఉంటాను. తలుపు తెరవకముందే సద్దుమణుగుతారు. ఏడ్చేవాళ్ళకి కావలసింది అదేనే. మన బిడ్డకీ అదే చెబుదాం.”

“చెయ్యెత్తం కదూ?”

“ఛస్తే ఎత్తం.”

ఆమె నోటుబుక్కులో టిక్కు పెట్టుకుంది. చిత్రంగా అతనికే గుండెల మీద బండ దించినట్టయింది.

నొప్పులు పట్టపగలే వచ్చాయి. లిఫ్టు తలుపు ఠక్కున మూసుకుంది. కాన్పు గది గుమ్మంలో నర్సమ్మ అడ్డంగా నిలబడింది.

“ఏదీ, చేతులు చాపు.”

చాపాడు. ఒక్క వేలు కూడా వణకలేదు.

లోపల మూడు గంటలసేపు భార్య చెయ్యి పట్టుకుని “ఇక్కడే ఉన్నాను” అంటూనే ఉన్నాడు. ఆడపిల్ల. తల కింద చెయ్యి పెట్టి మరీ ఎత్తుకున్నాడు. అది గుక్కపట్టి ఏడుస్తుంటే దానికీ అదే మాట చెప్పాడు.

“మొగుడంటే నువ్వేనయ్యా,” అంది నర్సమ్మ. “ఆ నోటుబుక్కు ఇలా ఇయ్యి, కొత్తవాళ్ళకి చూపిస్తా. మొత్తం ఎన్ని తీర్చావేంటి?”

“ముప్ఫై ఒకటండీ. పాపం, ఒట్టి పిరికిది,” అన్నాడు అతను, ఆనందం పట్టలేక.

తల్లీ బిడ్డా ఆదమరిచి నిద్రపోతున్నారు. చప్పుడు కాకుండా బట్టల సంచీలోంచి నోటుబుక్కు తీసి, మొట్టమొదటిసారి తెరిచాడు.

మొదటి పేజీలో పైన రాసి ఉంది: ‘ఈయన నిద్రలో అన్నవి.’