ఖాళీ చేయని ఆఫీసు

“ఇవాళ ఖాళీ చేస్తారా, నన్నే తాళం వేయమంటారా?” అంటూ బిల్డింగు ఓనరు ప్రభుత్వ ఆఫీసులోకి దూసుకొచ్చాడు.

“తాళం వేస్తే కేసవుతుంది బాబాయిగారూ. కూర్చోండి,” అంది ఆఫీసరమ్మ.

“కూర్చోను. లీజు ఎప్పుడో అయిపోయింది. మా అమ్మాయి క్లినిక్ కోసం కొన్న పళ్ల డాక్టరు కుర్చీ మా హాల్లో పడుంది. విసిగిపోయి వేరే ఊళ్లో ఉద్యోగానికి పోతానంటోంది పిల్ల.”

“ఇంకో చోటు దొరికేదాకా కదలకూడదని మాకు రూలు. కింది అంతస్తే కావాలి, ర్యాంపు ఉండాలి. ప్రకటనలిస్తూనే ఉన్నాం.”

“ఊళ్లో బిల్డింగులే లేవా?”

“ఎందుకు లేవు? ఓనర్లు ఉత్సాహంగానే వస్తారు. పైన మీ ఇంటికి వెళ్లొచ్చాక మొహం చాటేస్తారు. ఇవాళా ఒకాయన వస్తానన్నాడు.”

“మా ఇంటికెందుకు?”

“పాత ఓనరు దగ్గర వాకబు చేయకుండా ఎవరైనా అద్దెకిస్తారా?”

ఓనరుకి అప్పుడు వెలిగింది. వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి, ‘సర్కారుకి అద్దెకిచ్చావా, చచ్చావే’ అని గంటలకొద్దీ చెప్పి కడుపుమంట చల్లార్చుకునేవాడు. పైగా పుణ్యం చేశాననుకునేవాడు.

బయటికి రాగానే మెట్ల దగ్గర ఒక పెద్దమనిషి ఎదురయ్యాడు.

“ఓనరుగారు మీరేనా? ఈ ఆఫీసువాళ్లు మా బిల్డింగు అడుగుతున్నారు. ఎలాంటివాళ్లండీ?”

ఓనరు మొహాన నవ్వు పులుముకున్నాడు.

“బంగారంలాంటివాళ్లండీ. మా అమ్మాయి క్లినిక్ పెడతానని పట్టుబట్టింది గానీ, లేకపోతే ప్రాణం పోయినా వదులుకునేవాణ్ణి కాదు.”