దీవి పుస్తకం

“ఊళ్లో తలెత్తుకుని తిరిగేలా లేదు. నువ్వే తప్పుకో యెర్నెయ్,” అన్నాడు సంఘం ప్రెసిడెంటు జ్వొంకో.

ఫైర్‌స్టేషన్ మేడమీది గదిలో చిమ్మటల సంఘం, రాత్రి దీపాల చుట్టూ తిరిగే ఆ రెక్కపురుగుల్ని పట్టి జాతి గుర్తించేవాళ్లు, కూర్చుంది. బల్లమీద, తాము పంపిన చిమ్మట గురించి మ్యూజియం నుంచి వచ్చిన జవాబు, దాని పక్కన రెండు పుస్తకాలు. ఒకటి పలచనిది, ఒకటి ఇటుకంత మందం. కాఫీ ఎవరూ ముట్టలేదు.

కొండమీది గడ్డిమైదానంలో దొరికింది అరుదైన చిమ్మట కాదు, అచ్చం దానిలాగే ఉండే మామూలు రకం. మ్యూజియంవాళ్లు పొట్ట కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే తేలింది. అరుదైనదే ఉందన్న సంఘం మాట నమ్మి ప్రభుత్వం అక్కడ రాతి క్వారీని ఆపింది. ఇప్పుడు ఆ అడ్డు తొలగింది, రేపు యంత్రాలు కొండెక్కుతాయి.

“పొద్దున బ్రెడ్డు కోసం వెళ్తే బేకరీవాడు పిండిపురుగుని చూపించాడు. ఇదేం జాతో చెప్పండి ప్రెసిడెంటుగారూ, కొట్టు మూసేయమంటారా అని అడిగాడు,” అన్నాడు జ్వొంకో.

ఎవరూ నవ్వలేదు. యెర్నెయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్లో పుస్తకాల షాపు అతనిదే. ఈ సంఘం పెట్టింది వాళ్ల నాన్న.

పశువుల డాక్టరు నేజా పలచటి పుస్తకం తెరిచింది. “ఇది ఇంగ్లండువాళ్లది. ఆ దీవిలో ఉండే చిమ్మటలే ఇందులో ఉంటాయి. మన మామూలు రకం సముద్రం దాటలేదు, కాబట్టి దాని బొమ్మ లేదు. ఉన్న ఒక్క బొమ్మతో పోల్చుకుంటే ఎవరికైనా అరుదైనదే అనిపిస్తుంది. ఈ లావుది యూరప్ మొత్తానిది. ఇందులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, పొట్ట కోస్తేగాని తేడా తెలియదని కింద రాసుంది.”

“పుస్తకాలమ్మేవాడికి ఆ సంగతి తెలియదా?” అన్నాడు జ్వొంకో.

“తెలుసు,” అన్నాడు యెర్నెయ్.

“మరి టీచర్‌గారికి ఆ పలచటిదెందుకు అంటగట్టావు?”

“ప్రభుత్వానికి పంపిన కాగితం మీద ముద్ర వేసింది మీరే కదా,” అంది నేజా. “ఒకసారి చూడాల్సింది.”

“దరింక టీచర్ రాసినదాన్ని నేను దిద్దుతానా? నువ్వైతే దిద్దేదానివా?”

అందరూ దరింక టీచర్ వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నారు. ఆ గదిలో సగంమందికి చదువు చెప్పింది ఆమే. రోజూ ఆ కొండమీద నడుస్తుంది. క్వారీవాళ్లు పాతిన కొలత కర్రలను మొదట చూసిందీ, ఆ తర్వాత చిమ్మటను పట్టి పేరు రాసి పంపిందీ ఆమే. ఇప్పుడు గడ్డం స్కార్ఫులో దాచుకుని నేల చూస్తోంది.

ఆమె అలా కూర్చోవడం యెర్నెయ్ చూడలేకపోయాడు. ఆ కర్రలు చూశాక ఆమె పుస్తకం కోసం షాపుకొచ్చినప్పుడు రెండూ ముందు పెట్టి లావుది తీసుకోమన్నాడు. ఆమె పలచటిదాంట్లో ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగి, “ఇందులో ప్రాణంతో కూర్చున్నట్టున్నాయిరా. అందులో సూది గుచ్చి రెక్కలు చాపేశారు,” అంది. చెవి మెలిపెట్టి ఎక్కాలు నేర్పిన మనిషితో వాదించడానికి అతనికి నోరు రాలేదు. ఆ మొహమాటం ఇప్పుడు కొండను మింగేస్తోంది. ఇదంతా చెప్పి ముసలావిడను నలుగురిలో నిలబెట్టడం మరీ సిగ్గుచేటు.

“నేనే ఇచ్చాను,” అన్నాడు. “తప్పు నాదే.”

“విన్నారుగా,” అన్నాడు జ్వొంకో. “ఇకనుంచి లావుదే సంఘం పుస్తకం. అందులో చూడనిదే ఏ పేరూ పంపేది లేదు. ఇక ఇతని సంగతి. తీసేద్దామన్నవాళ్లు చేతులెత్తండి.”

చేతులు లేచాయి. నేజాది సగం దాకా లేచింది. యెర్నెయ్ ఎవరి మొహమూ చూడకుండా గది తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు.

“అది జేబులో పెట్టుకోరా,” అంటూ దరింక టీచర్ లేచి నిలబడింది.

“మీరు కూర్చోండి టీచర్. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఈ వయసులో కళ్లు మోసం చేస్తాయి.”

“నా కళ్లు బాగానే ఉన్నాయి జ్వొంకో.” ఆమె గడ్డం మీంచి స్కార్ఫు కిందికి లాగింది. “ఆ మామూలు చిమ్మట బొమ్మ అందులో లేదని చూసుకుని మరీ ఆ పుస్తకం కొన్నది నేను.”